చుక్క నీరు రాదన్న పడవ

మా ఆయన వైద్యం చేసే ఊళ్ళన్నీ కాలువ గట్ల మీదే ఉండేవి. ఇంకా రైలు రాని రోజులు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా మనిషి కదిలినా, ధాన్యం బస్తా కదిలినా పడవ మీదే. ఆయన మందుల పెట్టె పట్టుకుని దొరికిన పడవెక్కి, జ్వరాలున్న ఊళ్ళో దిగి, అక్కడివాళ్ళకు నయమయ్యేదాకా ఎవరి అరుగు మీదో పడుకుని, మళ్ళీ మరో పడవెక్కేవారు. ఇంటికి చేరేసరికి మనిషి సగమైపోయేవారు. రామచంద్రపురంలో అద్దెకు తీసుకున్న ఇంట్లో నేనూ, మా అత్తగారూ ఉండేవాళ్ళం. మాకు పిల్లలు లేరు. అత్తగారు అంతకుముందు మా బావగారింట్లో ఉండేవారు. ఒకరోజు చిన్న చెక్కపెట్టెతో బండి దిగి, "కొన్నాళ్ళుండి వెళ్తానమ్మాయ్" అన్నారు. ఆ కొన్నాళ్ళు ఎప్పటికి పూర్తవుతాయో మేమూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కాలువల మీద పెత్తనం చేసే దొర ఒకాయన ఇల్లులాంటి పడవలో తిరుగుతుండేవాడు. ఆయన వంటవాడికి కడుపునొప్పి వస్తే మా ఆయన్ని పిలిపించారు. తిరిగొచ్చాక ఆయన రోగి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. పడవ సంగతే చెప్పారు.

"మంచం ఉంది. బల్ల ఉంది. వంటకు వేరే చోటుంది. పుస్తకాలకు గోడలోనే అరలు కొట్టించుకున్నాడు. ఇల్లు ఆయన వెంటే వెళ్తోంది. మనమూ అలాంటిదొకటి చేయించుకుంటే నేను ఊరూరా అరుగుల మీద పడుకోనక్కర్లేదు. రోగులు రేవులోకే వస్తారు."

"ఇల్లు వెంట వస్తుంది సరే, ఇరుగూపొరుగూ వస్తారా?" అన్నాను.

ఆయన నవ్వారు. అత్తగారు మాత్రం బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి, "నాకూ ఒక గదుంటుందా?" అని అడిగారు.

"ఉంటుందమ్మా. రెండు వైపులా కిటికీలతో."

"అయితే చేయించు."

ఉన్నదంతా ఆ పడవకే పెట్టాం. తాళ్ళరేవు వైపు కాలువ ఒడ్డున ఒక పెద్ద పాకలో పడవలు కట్టే మేస్త్రి ఉన్నాడని, చేతి పని గట్టిదని అందరూ చెప్పారు. పొట్టి మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ రంపపు పొట్టు ఉండేది. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు ఎన్నో కట్టాడట గాని గదులున్న పడవ కట్టడం అతనికీ అదే మొదలు. పోలవరం కొండల నుంచి గోదావరిలో తెప్పలు కట్టి దించిన దుంగల్ని రాజమహేంద్రవరంలో కొని తెచ్చాడు. పని మొదలుపెట్టాక చాలాకాలం మా ఆయన ప్రతి ప్రయాణంలోనూ ఆ పాక దగ్గర దిగి, పక్కటెముకల్లా నిలబడ్డ ఆ చెక్కల మధ్య కాసేపు కూర్చుని వచ్చేవారు.

ఎండాకాలం చివర కాలువలకు నీళ్ళు వదిలిన మర్నాడు పడవను దించారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. చుట్టుపక్కల పెద్దమనుషులూ, పడవలవాళ్ళూ చూడ్డానికి వచ్చారు. మేస్త్రి పడవ ముందు కొమ్ము మీద అరచెయ్యి ఆనించి అందరూ వినేలా చెప్పాడు.

"వైద్యులుగారూ, ఏడాది తిరిగేదాకా ఈ పడవలోకి చుక్క నీరు రాదండి. వస్తే ఆ పూచీ నాదండి. సందు విడినా, మేకు ఊడినా, పలక పోయినా నాకు చూపించండి. బాగుచేసి ఇస్తాను. నా చేతిలో ఏమీ పెట్టక్కర్లేదండి."

ఆ మాట విని మా ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా అయింది.

అద్దె ఇల్లు వదిలేసి అందులోకి మారాం. పడవ బాగుండేది. ఇప్పుడెంత విసుగుతో చెప్పుకొచ్చినా ఆ మాట దాచకూడదు. ముందు గదిలో రోగులు కూర్చోవడానికి బల్లలు. నడిమి గది మాది, మందుల బీరువా కూడా అందులోనే. వెనక గది అత్తగారిది. ఆ వెనక వంట. రెండు చేతులా వెదురు గెడ వేసే ఒక పెద్దాయన్ని పడవ నడపడానికి పెట్టుకున్నాం. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాడు, లేకపోతే గట్టు మీద కూలీలు తాడు కట్టి లాగేవాళ్ళు. అత్తగారు పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, ఎదురొచ్చే పడవల్లో ఎవరెవరున్నారో, ఏం తీసుకెళ్తున్నారో చూసి నాకు చెప్పేవారు. నడిచే ఇంట్లో వంట చేయడం మొదట్లో నాకు తల తిప్పేది. తర్వాత అలవాటైంది.

వానలు పడుతున్నప్పుడు ఒకరోజు బీరువా అడుగు అర తెరిచి శొంఠి కోసం చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. కరక్కాయల సంచీ, అతిమధురం, పిప్పళ్ళు అన్నీ బూజు పట్టాయి. చూర్ణాలు గడ్డ కట్టాయి. బీరువా జరిపి చూస్తే కింద నేలపలకలు తడిసి నల్లగా ఉన్నాయి. పలక ఎత్తితే అడుగున నీళ్ళు.

మా ఆయన ఆ నీళ్ళలో వేలు ముంచి, వాన నీళ్ళేమో అన్నట్టు పైకప్పు వంక చూశారు. కప్పు పొడిగా ఉంది.

"మేస్త్రి మాట ఇచ్చాడుగా. పదండి వెళ్దాం," అన్నాను. అప్పటికింకా నాకు ఓపిక ఉంది.

వెళ్ళాం. మేస్త్రి పడవలోకి వచ్చి, బీరువా చోట మోకాళ్ళ మీద కూర్చుని, పలక మీద వేలి కణుపుతో కొట్టి విన్నాడు.

"ఆయ్, కొత్త చెక్కండి. నీళ్ళు తాగాలండి. తాగితే ఉబ్బుతుంది, ఉబ్బితే దానంతటదే బిగుసుకుంటుంది. వచ్చే పున్నమికి చూడండి, పొడి బట్టలా ఉంటుంది."

పొడి బట్ట కాలేదు. తీసిపోసిన నీళ్ళు మళ్ళీ చేరేవి. నేను పొద్దునా సాయంత్రమూ బీరువా జరపడం, పలక ఎత్తడం, నీళ్ళు తోడడం, మందులు ఎండలో పెట్టడం. ఎండ లేని రోజు కుంపటి చుట్టూ పళ్ళేలు పేర్చడం. పిప్పళ్ళు ఎండబెట్టిన పొగలో అన్నం వండేదాన్ని. మందు తడిసిందని తెలిసినప్పుడు ఆయన దాన్ని రోగికి ఇచ్చేవారు కాదు, కాలువలో పారబోసేవారు. మళ్ళీ కొత్తవి నూరాలి. నూరేది నేనే.

రెండోసారి వెళ్ళేసరికి మేస్త్రి లేడు. దుంగలు కొనడానికి రాజమహేంద్రవరం వెళ్ళాడని అతని భార్య చెప్పింది. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. ఆవిడ పుట్టినిల్లు ఉప్పాడ, సముద్రం మీద బతికే కుటుంబం.

"ఎప్పుడొస్తాడు?" అని మా ఆయన అడిగారు.

"దుంగ కుదిరితే వస్తాడండి. కుదరకపోతే కుదిరేదాకా ఉంటాడండి," అంది.

ఆ రేవులోనే పడవ కట్టేసి ఉండిపోయాం. ఎన్ని రోజులో నాకు గుర్తు లేదు, రోజుకీ రోజుకీ తేడా లేదు మరి. ఆవల ఊళ్ళలో రోగులు ఎదురు చూస్తున్నారని ఆయన గట్టు మీద అటూ ఇటూ తిరిగేవారు. మేస్త్రి భార్య రోజూ కొబ్బరి బొండాలు కొట్టించి పంపేది. పోనీలే అని నేను నోరు మూసుకున్నదల్లా ఆ బొండాల వల్లే.

మేస్త్రి వచ్చాడు. ఈసారి చెక్క నీళ్ళు తాగాలన్న మాట ఎత్తలేదు. నడిమి గదిలో పలకలు విప్పి, సందుల్లో నూనెలో నానబెట్టిన పత్తి కూరి, గుగ్గిలం కాచి పోశాడు. శ్రద్ధగానే చేశాడు. కళ్ళు మండే ఆ పొగలో పనంతా అయ్యేదాకా అత్తగారు తన గదిలో మంచం మీదే కూర్చున్నారు. "బయటికి రండత్తయ్యా, ఊపిరాడదు," అంటే, "నాకేం ఫర్వాలేదు," అన్నారు. మేస్త్రి వెనక గది కూడా చూస్తానంటే, "ఇక్కడంతా బాగానే ఉంది నాయనా, నీ పని చూసుకో," అని గుమ్మంలోంచే పంపేశారు.

కొన్నాళ్ళు పొడిగా ఉంది. నేను బీరువా అడుగున కొత్త గుడ్డ పరిచాను. ఆ గుడ్డే మళ్ళీ తడిసింది.

మూడోసారి మేస్త్రి మొహంలో చిరాకు కనిపించింది. పాకలో ఒక పెద్ద ధాన్యం పడవ సగం పూర్తయి నిలబడి ఉంది. దాని తాలూకు షావుకారు తొందరపెడుతున్నాడట. మా పడవ చుట్టూ నీళ్ళలో దిగి తిరిగి చూసి, ఒక పక్కన గీసుకుపోయిన చోటు చూపించాడు.

"ఇదిగో చూడండి. లాకుల్లో గోడకు కొట్టించారు. దెబ్బ తగిలితే సందులు విడతాయండి. నేను చెప్పిన పూచీ నా పనికండి, దెబ్బలకు కాదు."

లాకులంటే కాలువ ఎత్తుపల్లాలు మారే చోట తలుపులు మూసి, నీళ్ళు నింపీ తీసీ పడవల్ని దాటించే రాతి కట్టడాలు. ఆ ఇరుకులో గోడకు రాసుకోకుండా వెళ్ళే పడవ ఉండదు. మా పడవ నడిపే పెద్దాయనకు కోపం వచ్చింది.

"నేను పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి గెడేస్తున్నానయ్యా. రాసుకోవడానికీ కొట్టించడానికీ తేడా నాకు తెలవదా?"

"తెలిస్తే ఈ గీత ఏంటి?"

ఇద్దరూ గొంతులు పెంచారు. గట్టు మీద జనం మూగారు. మా ఆయనకు గొడవలంటే భయం. "సర్లే, సర్లే," అంటూ ఇద్దరి మధ్యా చేతులు ఊపుతున్నారు. నాకు అరవాలనిపించింది గాని, అరవడానికి కూడా బలం కావాలి. అలాగే గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

అప్పుడు అత్తగారు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏం నాయనా మేస్త్రీ, నువ్వు మాట ఇచ్చిననాటికి కాలువలో లాకులు లేవా?" అన్నారు.

గట్టు మీద ఎవరో నవ్వారు. మేస్త్రి తల దించుకుని కాళ్ళకు అంటిన బురద కడుక్కున్నాడు. "సరేనండి," అన్నాడు. "పడవను ఒడ్డుకు లాగి, పక్కకు వంచి, అడుగంతా చూడందే తేలదండి. ఇప్పుడు నా దగ్గర అంతమంది మనుషులు లేరు. ఎండాకాలం కాలువలకు నీళ్ళు కట్టేస్తారుగా, అంతకుముందే ఇక్కడికి తెచ్చేయండి. అప్పుడు నా పనీ నిలిచిపోతుంది, మీ ప్రయాణమూ నిలిచిపోతుంది."

అప్పటిదాకా తోడుతూ ఉండమన్నమాట. తోడాం. చలికాలమంతా తోడాం. నా అరచేతులు చెంబు పట్టుకుని కాయలు కాశాయి. ఆయన రోగుల దగ్గర నవ్వుతూ మాట్లాడి, లోపలికొచ్చి మాట లేకుండా పడుకునేవారు. మేం పోట్లాడుకోలేదు. దానికీ తీరిక ఉండాలి. ఆ రోజుల్లోనే అత్తగారి చీర చెంగు ఎప్పుడు చూసినా తడిగా ఉండడం గమనించాను. అడిగితే, "మొహం కడుక్కున్నానమ్మాయ్," అనేవారు. నేను రెట్టించలేదు.

పూడిక తీయడానికి కాలువలు కట్టేస్తారన్న కబురు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. మేం అప్పుడు చాలా ఎగువన ఉన్నాం. ఒక ఊళ్ళో అమ్మవారు పోసి పిల్లలు పడి ఉంటే ఆయన కదలలేకపోయారు. బయల్దేరేసరికి అప్పటికే నీళ్ళు తగ్గించేస్తున్నారు. కూలీలకు ఎక్కువిచ్చి తాడు లాగించాం. లాకుల దగ్గర ధాన్యం పడవలు వరసకట్టి ఉంటే మా ఆయన దిగి, తన దగ్గర మందు పుచ్చుకున్నవాళ్ళు ఎవరైనా కనిపిస్తారేమోనని వెతికి, బతిమాలి మా పడవను ముందుకు దాటించారు. అయినా మేస్త్రి పాక ఇంకా రెండు మూడు ఊళ్ళ దూరం ఉందనగా అడుగు బురదకు తగిలింది. గెడ వేసే పెద్దాయన ఆ పక్కా ఈ పక్కా గుచ్చి చూసి, గెడ పైకి లాగేశాడు.

"ఇంక కదలదండి," అన్నాడు.

కాలువ నడుమ సన్నటి మడుగు మిగిలింది. మా పడవ గట్టు వారగా బురదలో కూర్చుంది. ఏడాది తిరగడానికి ఇంకా కాస్తే గడువుంది. మేస్త్రి తన దగ్గరికి తెమ్మన్నాడు, మేం తేలేకపోయాం. తన మాట అక్కడితో తీరిపోయిందంటే ఏం చేస్తాం? మా ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని ఎండలో నడిచి వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చి, "వస్తానన్నాడు," అన్నారు.

"నిజంగా వస్తాడా?"

"అతను ఏదో సణిగాడు. భార్య పక్కనే ఉంది. 'ఏడాది ఇంకా తిరగలేదుగా, మాటిచ్చింది నువ్వా నేనా' అంది. అప్పుడు వస్తానన్నాడు."

వచ్చాడు. బండిలో పనిముట్లు, తాళ్ళు, తాటి దుంగలు వేసుకుని, కూలీలనూ భార్యనూ వెంటబెట్టుకుని వచ్చాడు. గట్టు మీద మాకు తాటాకులతో చిన్న పందిరి వేయించాడు. పడవను వంచాలి కాబట్టి సామాను దించమన్నాడు. బీరువా, పెట్టెలు, గిన్నెలు, మంచాలు అన్నీ ఒక్కొక్కటే బురదలోంచి గట్టుకు చేర్చాం. ఒక్క వెనక గది మిగిలింది. అత్తగారు లేవలేదు.

"అత్తయ్యా, పడవను పక్కకు వంచుతారట. దిగాలి."

"మీరు కానివ్వండి. నేను ఓ మూల కూర్చుంటాను."

"వంచిన పడవలో ఎలా కూర్చుంటారు?"

ఆవిడ మంచం పట్టె గట్టిగా పట్టుకుని నా వంక చూడకుండా ఉన్నారు. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఒప్పించడానికి కాదు, నిలబడలేక. అప్పుడు నా పాదాలకు తడి తగిలింది. వంగి మంచం కింద చూశాను. ఒక నేలపలక మేకుల్లేకుండా వదులుగా ఉంది. దాని పక్కన ఇత్తడి చెంబు, పిండి ఆరేసిన పాత గుడ్డలు ఉన్నాయి. పలక ఎత్తాను. అడుగు చెక్క నల్లగా, జిగటగా, చాలాకాలంగా నానిన చెక్కలా ఉంది.

"ఎప్పట్నించీ?" అని అడిగాను.

"మొదట్నించీ," అన్నారు.

నీళ్ళు వచ్చేది అక్కడే. ఆవిడ రోజూ మేం లేవకముందే తోడి కిటికీలోంచి పారబోసేవారు. తోడగా మిగిలింది అడుగుపలకల మీదుగా మా గదిలోకి పారి, బీరువా కింద చేరేది. మేం చూపించిందల్లా బీరువా కింది చోటు. మేస్త్రి బాగుచేసిందల్లా అదే.

నాకు కోపం రావలసింది. ఏడాదిపాటు తోడిన నీళ్ళు, పారబోసిన మందులు, ఆ రేవులో పడిగాపులు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కాని ఆవిడ వేళ్ళు చూశాను. చర్మం పొట్టు లేచి, పాలిపోయి ఉన్నాయి. నాకంటే రెట్టింపు తోడారు ఆవిడ.

"ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

ఆవిడ తడి చెంగు పిండుకుంటూ చెప్పారు. "అక్కడ, పెద్దాడింట్లో, నా గది కప్పు కారింది. బాగుచేయించేదాకా రెండు రోజులు వసారాలో పడుకోమన్నారు. బాగుచేయించారు. గదిలో ధాన్యం పోశారు. నేను వసారాలోనే ఉండిపోయాను. వానలకీ, చలికీ అక్కడే. ఎవరూ నన్ను కాదనలేదమ్మాయ్. మర్చిపోయారంతే."

బయట మా ఆయన పడవ దగ్గర చీలమండల దాకా బురదలో నిలబడి ఉన్నారు. కిటికీ తెరిచే ఉంది. అంతా విన్నారు. వసారా సంగతి ఆయనకు అంతవరకు తెలియదు. అన్నగారింటికి ఎప్పుడు వెళ్ళినా తల్లి వసారాలో కూర్చుని ఉంటే, గాలి కోసం కూర్చుందనుకునేవారట. ఆయన కిటికీ దగ్గరికొచ్చి అంచు పట్టుకున్నారు.

"అమ్మా, ఆ గది నీది. బాగుచేశాక ముందు నువ్వే ఎక్కుతావు. ఆ తర్వాతే మేం. దిగు."

"నవ్వకుండా చెప్పు."

"నవ్వట్లేదమ్మా," అన్నారు. ఆయన నవ్వడం లేదు.

ఆవిడ లేచారు. మేస్త్రి భార్య బురదలోకి దిగి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకుని గట్టు మీద దింపింది. "ఎంత తేలికగా ఉన్నారండి మామ్మగారూ, అన్నం తింటున్నారా లేదా?" అని కేకలేసింది.

పడవను తాళ్ళతో పక్కకు వంచి తాటి దుంగలు ఆన్చారు. మేస్త్రి అడుగునంతా గీకి, వెనక గది చోటుకు వచ్చి ఆగాడు. ఉలి మొనతో పొడిచాడు. ఒక పలకలో చెక్క ముడి ఉన్నచోట మైనమూ రంపపు పొట్టూ కలిపి పూడ్చి, పైన నున్నగా రంగు రాశారు. ఆ మైనం కరిగి కొంత ఊడిపోయింది. చుట్టూ చెక్క పుచ్చిపోయింది. ఉలి సులువుగా దిగబడింది.

అతను ఆ కన్నం దగ్గరే చతికిలబడ్డాడు. తర్వాత మా ఆయన వైపు చూసి, "ఇది ఇన్ని నెలలు నానకపోతే పలకంతా పోయేది కాదండి. ముందే చెబితే చిన్న అతుకుతో పోయేది," అన్నాడు.

"నిజమే. మా అమ్మ దాచింది," అన్నారు మా ఆయన.

అక్కడే అతను చేతులు దులుపుకుని వెళ్ళిపోవచ్చు. ఇది నా పూచీ కాదంటాడనే అనుకున్నాను. జవాబు చెప్పే ఓపిక మాలో ఎవరికీ లేదు. అతను చేతిలో ఉన్న మైనం ముద్దను నలిపి, వాసన చూసి, బురదలోకి విసిరేశాడు.

"దుంగను పలకలు కోసి ఇచ్చినవాడు పూడ్చిపెట్టి ఇచ్చాడండి. అయితే నేను చూసుకోవాలి కదా. కాలువ వదలగానే దించాలన్న తొందరలో చూసుకోలేదు. లాకుల మీద పెట్టాను ఇంతకాలం." గట్టు మీద కూర్చున్న మా పెద్దాయన వైపు తల తిప్పి, "ఏమనుకోకు," అన్నాడు. పెద్దాయన చుట్ట కాలుస్తూ తలూపాడు.

ఆరిన మంచి పలక అతని దగ్గర లేదు. పచ్చి చెక్క వేస్తే మళ్ళీ ఇదే పాట. రాజమహేంద్రవరానికి మనిషిని పంపి తెప్పించేదాకా ఆ ఎండల్లో, ఆ పందిరి కింద ఉన్నాం. మడుగుల మీంచి దోమలు లేచి వచ్చేవి. తాగే నీళ్ళకు ఊళ్ళో బావి దాకా నడవాలి. మా ఆయనకు ఆ ఊళ్ళోనూ రోగులు పోగయ్యారు. పలక వచ్చింది, బాగోలేదని మేస్త్రి తిప్పి పంపాడు. ఇంకొకటి వచ్చింది. దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ, ఎండకెదురుగా పట్టుకుని చూసి, చివరకు సరేనన్నాడు. పుచ్చిన పలక కోసి తీసి కొత్తది బిగించడం, సందులు పూడ్చడం, గుగ్గిలం పోయడం అంతా తన చేత్తోనే చేశాడు. అప్పటికి ఏడాది గడువు దాటిపోయింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

నీళ్ళు వదిలిన రోజు కాలువలో ముందు ఎర్రటి నురుగు, చెత్త కొట్టుకొచ్చాయి. తర్వాత నీరు ఎక్కింది. పడవ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, బురదను వదిలించుకుని తేలింది. అన్నమాట ప్రకారం అత్తగారు ముందెక్కారు. మేస్త్రి తన ఊరి దాకా మాతోనే వచ్చాడు. దారి పొడుగునా వెనక గదిలో పలక ఎత్తి దీపం దించి చూస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు, "మామ్మగారూ, ఈసారి వేలు తడిసినా నాకు కబురు పెట్టాలండి," అన్నాడు.

"పెడతాను నాయనా," అన్నారు ఆవిడ.

పడవ వెళ్తుంటే అందరూ నా మొహం వంక చూశారు, సంతోషిస్తానని కాబోలు. నాకు సంతోషమేమీ తెలియలేదు. నడిమి గదిలో చాప వేసుకుని పడుకున్నాను. మళ్ళీ లేచేసరికి ఏ ఊరో తెలియని రేవులో ఉన్నాం. ఆయన రోగులతో మాట్లాడుతున్నారు. వంట అత్తగారు చేసేశారు.

ఆ పడవలోకి మళ్ళీ నీళ్ళు రాలేదు. అత్తగారు ఆ గదిలోనే చాలా ఏళ్ళు ఉన్నారు. బావగారు ఒకసారి రేవుకు వచ్చి, "అమ్మా, మా ఇంటికి రా, కొన్నాళ్ళుండి వద్దువుగాని," అన్నారు. "నువ్వే లోపలికి రా," అన్నారు ఆవిడ. ఆయన వచ్చి మంచం మీద కూర్చుని కాఫీ తాగి వెళ్ళారు. ఆవిడ ఒక వానాకాలంలో, జ్వరంతో, పెద్దగా బాధపడకుండానే ఆ గదిలో పోయారు.

తర్వాత రైలు వచ్చింది. రేవుల దగ్గర జనం పల్చబడ్డారు. మా ఆయనకు మోకాళ్ళ నొప్పులు పట్టుకుని, పడవ ఎక్కి దిగడం కష్టమైంది. అమ్మేద్దామని ఆయనే అన్నారు. కొబ్బరికాయల వ్యాపారి ఒకతను చూడ్డానికి వచ్చాడు. "నీళ్ళు కారతాయా?" అని అడిగాడు. మా ఆయన అతన్ని కూర్చోబెట్టి శొంఠి తడిసిన దగ్గర్నించి మొదలుపెట్టారు. మైనం ముద్ద దాకా వచ్చేసరికి అతను ఆవలించాడు.

"అయ్యా, ఇప్పుడు కారుతోందా లేదా?"

"లేదు."

"అది చెప్పండి చాలు," అన్నాడు.

మర్నాడు పడవ అతనికి అప్పజెప్పి, మూటలు బండికెత్తించి, రాజమహేంద్రవరంలో తీసుకున్న ఇంటికి బయల్దేరాం. ఆయన దారంతా వెనక్కి తిరిగి కాలువ వైపే చూస్తున్నారు. నాకు మాత్రం బండి కుదుపులు కూడా హాయిగానే ఉన్నాయి.